ఆరో గడి

అయ్యా, రికార్డుల సవరణ బోర్డు వారికి,
మిషిగన్ ఉత్తరపు కొస, హాన్‌కాక్ నుంచి
ఐలీ కోస్కెలా రాస్తున్నది.
సైనికుడు నీకేమవుతాడని అడిగారు.
తమ్ముడు.
బతికున్నాడా అని అడిగారు.
మార్చి తొమ్మిదిన పోయాడు. సర్టిఫికెట్టు జత చేశాను.

ఏం మార్చాలో ఐదో గడిలో రాయమన్నారు.
ఒక్క మాట.
డెబ్బై ఒకటిలో మీ టైపు మిషను కొట్టిన మాట:
అవాంఛనీయుడు.
మొత్తం కొట్టేయక్కర్లేదు,
మొదటి అక్షరం ఒక్కటి తీసినా చాలు.
మిగతాదానికి మా అమ్మ సాక్ష్యం.
వరసగా ముగ్గురు దక్కకుండా పోయాక
కోరి కోరి కన్నానే వీణ్ణి అనేది,
పొయ్యిలో కట్టె ఎగదోసినప్పుడల్లా.

ఆరో గడి: ఇది పొరపాటా, అన్యాయమా?
వారం రోజులుగా పెన్ను అక్కడే ఆగి ఉంది.

మీ కాగితం ప్రకారం నలభై ఒక్క రోజులు
వాడి ఆచూకీ లేదు.
నాకు తెలుసు ఆచూకీ.
మా వంటింటి గుమ్మానికి పద్నాలుగు అంగల దూరంలో
ఆవిరి స్నానాల కొట్టం.
అందులో పైబల్ల మీద
మోకాళ్లకు గడ్డం ఆనించుకుని, నిప్పు లేని చీకట్లో.
అమ్మ కాఫీ గుమ్మం ముందు పెట్టి వచ్చేసేది, తలుపు తట్టేది కాదు.
తడితే వాడు లేచి నిటారుగా నిలబడి
ఎవరిదో పేరు చెప్పేవాడు. పేరు, ఊరు, నంబరు.
చెప్పిన పేరు మళ్లీ చెప్పలేదు.

దనాంగ్‌లో వాడి పనేమిటో మీకు తెలిసే ఉంటుంది,
ఇచ్చింది మీరే కదా.
తుపాకీ కాదు. పెన్సిలు, దారం కట్టిన అట్టముక్కలు,
ఇంటికి విమానం ఎక్కబోయే వాళ్ల కాలి బొటనవేళ్లు.
ఒక్కసారే నోరు విప్పాడు నా దగ్గర,
చేపకు పొలుసు తీస్తూ:
చచ్చినవాడి చేతి గడియారం ఇంకా తిరుగుతుంటే
ఆపాలో వద్దో
రూలు పుస్తకంలో లేదట.

నలభై రెండో రోజు గడ్డం గీసుకుని
తనే బస్సెక్కాడు.
ఎవరూ వచ్చి పట్టుకుపోలేదు. అదీ రాసుకోండి.

పడ్డ మాట పడ్డట్టే మోశాడు, యాభై మూడేళ్లు.
పడవ ఇంజన్లు బాగుచేసి బతికాడు.
జూలై నాలుగున వీధిలో బ్యాండు మోగుతుంటే
షట్టరు దించుకుని
లోపల స్పార్కు ప్లగ్గులు తుడిచేవాడు.
ఈ ఫారం మూడుసార్లు తెచ్చి ముందు పెట్టాను.
మూడుసార్లూ దాని మీద నూనె కారే కార్బురేటరు పెట్టాడు.
"అడుక్కుంటే వచ్చేది మర్యాదా, అక్కా?"
కాబట్టి ఇది వాడు అడుగుతున్నది కాదు.
నేను అడుగుతున్నాను.
ఆ తేడా మీ ఫైల్లో ఎక్కడైనా ఉండేట్టు చూడండి.

ఆధారాలు పంపమన్నారు.
ఎరల కొట్టు టోర్మాలా ఉత్తరం రాసిచ్చాడు,
తన పడవకు రెయినో ఎన్నడూ డబ్బు తీసుకోలేదని.
అది దేనికి ఆధారమో నాకూ తెలీదు, పంపుతున్నాను.
కొట్టంలో పైబల్ల కింద దొరికిన నోటు పుస్తకం మాత్రం పంపను.
అందులో ఉన్నవన్నీ పేర్లే.
అవి మీ దగ్గర ఉండే ఉంటాయి.

జవాబుకు పద్దెనిమిది నెలలు పట్టొచ్చని
ఫోన్లో మీ అమ్మాయి చెప్పింది. మర్యాదగానే చెప్పింది.
ఇక్కడ మార్చిలో నేల గునపానికి లొంగదు.
పోయినవాళ్లను శ్మశానం రాతిగదిలో ఉంచుతారు,
మే నెలలో మంచు కరిగేదాకా.
వరసలో మావాడు నాలుగోవాడు.
నిన్న వెళ్లి చూసొచ్చాను.
పెట్టె పిడికి అట్టముక్క కట్టారు.
ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుంది.
కాపలా కుర్రాణ్ణి పెన్సిలు అడిగి
నిలబడ్డచోటే దిద్దాను.

ఆరో గడి ఖాళీగా వదిలేస్తున్నాను.